కరువు నేల కజ్జికాయ

రవియోలీ అచ్చుల వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అలాంటి అచ్చుతోనే అనంతపురం జిల్లా శింగనమల ఇళ్లలో ఏళ్లుగా కజ్జికాయలు చేస్తున్నారు. అందులో పడేది ఈ ఎర్రనేలలో పండిన శనక్కాయ.

పొద్దు వాలింది. పంచలో చాప పరిచారు. చేటలో వేయించిన శనక్కాయ విత్తనాలు పోసుకుని ఇద్దరు పిల్లలు అరచేతుల మధ్య నలుపుతున్నారు, పొట్టు ఊదుతున్నారు. ఆ పొట్టు సగం వాళ్ల తలల మీదే పడుతోంది. రోటి దగ్గర బెల్లం దంచుతున్న చప్పుడు. తడిగుడ్డ కింద పిండిముద్ద నానుతోంది. అత్త పీట ముందు కూర్చుని పూరీలు వత్తుతోంది. కోడలి చేతిలో అచ్చు ఉంది.

"కొంచిం పెట్టు అమ్మీ. నిండుగా పెడితే నూనెలో నోరు తెరుస్తాది."

"అచ్చు ఉంది కదత్తా, గట్టిగా నొక్కితే సరిపోతాది."

"అచ్చు అంచు మూస్తాది. లోపల గాలి ఎవురు తీస్తారు?"

కోడలు అచ్చు తెరిచింది. పూర్ణం కాస్త తీసింది. పూరీని వేలితో మెల్లగా అదిమి, అంచుకు తడి రాసి మళ్లీ మూసింది. బయటికి వచ్చిన పిండిని చుట్టూ తుంచేసి కాయను గుడ్డ కిందికి జరిపింది. అంచు మీద సన్నటి గీతలు వరసగా పడ్డాయి.

దీపావళి ముందు శింగనమల మండలంలో ఏ ఊరికి పోయినా ఇలాంటి సాయంత్రం ఏదో ఒక పంచలో కనిపిస్తుంది.

ఫోన్లో రవియోలీ

వంట వీడియోల్లో ఈమధ్య ఒక అల్యూమినియం పళ్లెం కనిపిస్తోంది. దాని మీద పన్నెండు గుంటలు, వాటి చుట్టూ పళ్ల అంచులు. పల్చగా వత్తిన పిండి పొరను దాని మీద పరుస్తారు. గుంటల్లో జున్నో, పాలకూరో, కైమానో పెడతారు. పైన ఇంకో పొర కప్పి అప్పడాల కర్ర దొర్లిస్తే పన్నెండు రవియోలీలు ఒక్కసారే విడివడతాయి. వాటిని మరిగే నీళ్లలో వేసి ఉడికిస్తారు. నూరు గ్రాముల పిండికి ఒక కోడిగుడ్డు చొప్పున కలపడం ఇటలీ ఇళ్ల లెక్క. అక్కడ ఈ వంట చాలా పాతది. 14వ శతాబ్దంలో బొకాచియో రాసిన 'డెకామెరాన్' కథల్లో ఒక ఊహాలోకం వస్తుంది. అక్కడ తురిమిన జున్ను కొండంత ఉంటుంది. దాని మీద ఉండే మనుషులకు మకరోనీ, రవియోలీ చేయడం తప్ప వేరే పని ఉండదు.

ఆ వీడియోలు చూసి ఆన్‌లైన్లో అచ్చు తెప్పించుకునే వాళ్లకు చాలాసార్లు ఇంకో రకం కూడా జతగా వస్తుంది. మూడు సైజుల ప్లాస్టిక్ అచ్చులు, మధ్యలో మడత బందు, రెండు వైపులా పిడి. రవియోలీకి, మోమోకి, పోలండ్ వాళ్ల పియరోగీకి, స్పెయిన్ వాళ్ల ఎంపనడాకి అన్నింటికీ పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంటుంది. డబ్బా విప్పగానే మన ఆడవాళ్లు దాన్ని గుర్తుపడతారు. జాతర అంగళ్లలో, అనంతపురం పాత ఊరి పాత్రల దుకాణాల్లో కొనే కజ్జికాయల అచ్చు అదే. వెనకటి వాటిని కొయ్యతో చేసేవారు. తర్వాత అల్యూమినియంవి వచ్చాయి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి.

రవియోలీ నీళ్లలో ఉడుకుతుంది, కజ్జికాయ నూనెలో వేగుతుంది. అయినా రెండింటినీ చెడగొట్టేవి ఒకటే: లోపల మిగిలిన గాలి, మితిమీరిన పూర్ణం, ఆరిపోయిన అంచు. వేడికి గాలి ఉబ్బి అంచును తన్నుతుంది. నీళ్లలో పగిలితే ఆ ఒక్క రవియోలీ పోతుంది. నూనెలో పగిలిన కజ్జికాయ మాత్రం ఊరుకోదు. బయటపడ్డ బెల్లం మాడి, నూనె నల్లబడి, ఆ వాయి మొత్తానికి చేదు అంటుకుంటుంది. అందుకే ఆ అత్త గాలి గురించి అంతగా అడిగింది.

> కజ్జికాయ చుట్టాలు
>
> తెలంగాణలో గరిజెలు, కన్నడనాట కర్జికాయి, మహారాష్ట్రలో కరంజి, గోవాలో నెవరి, తమిళనాట సోమాసి, ఉత్తరాదిలో హోలీకి చేసే గుజియా. అన్నీ అర్ధచంద్రాకారంలోనే ఉంటాయి. ఒకచోట కోవా, ఒకచోట కొబ్బరి, ఒకచోట పుట్నాల పొడి నింపుతారు.
>
> ఇటలీలో కూడా దీనికి దగ్గరి చుట్టం ఉంది. అబ్రుజ్జో ప్రాంతంలో క్రిస్మస్‌కు కజ్జొనెత్తి చేస్తారు. మెత్తగా నూరిన శనగలు లేదా చెస్ట్‌నట్ గింజల్లో తేనె, కోకో కలిపి పిండి పొరలో పెట్టి, పళ్ల చక్రంతో అంచు కోసి నూనెలో వేయిస్తారు. పైన చక్కెర చల్లుతారు.

మెట్ట చేను నుంచి పూర్ణం దాకా

కోస్తా ఇళ్లలో కజ్జికాయ అంటే ముందు కొబ్బరి గుర్తొస్తుంది. శింగనమలలో మాత్రం శనక్కాయే. ఎందుకో తెలియాలంటే ఈ నేలను చూడాలి.

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్యం వానలు ఇక్కడికి వచ్చేసరికి పలచబడతాయి. ఆ మధ్యలో ఉన్న పీఠభూమి ఇది. శింగనమలలో విజయనగర కాలపు శ్రీరంగరాయల చెరువు ఉంది. అది నిండిన ఏడు ఊరి ముఖాలు వేరుగా ఉంటాయి. చెరువు కింద తడి దొరికే పొలాలు కొన్నే, మిగతాదంతా వానను నమ్ముకున్న మెట్ట.

ఆ మెట్టలో ఒకప్పుడు కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక పండేవి. దక్షిణ అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి వచ్చిన శనక్కాయ 20వ శతాబ్దం రెండో సగంలో వాటన్నింటినీ పక్కకు నెట్టింది. తేలిక ఎర్రనేలలో వస్తుంది, నూనె మిల్లు డబ్బిస్తుంది, కట్టె పశువులకు మేత అవుతుంది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా ఈ ఒక్క పంటే వేశారు. ఇంత విస్తీర్ణంలో శనక్కాయ వేసిన జిల్లా దేశంలో ఇంకోటి లేదు. వాన ముఖం చాటేసిన ఏడు అన్ని లక్షల హెక్టార్లూ ఒకేసారి ఎండిపోయేవి.

చేలో ఉన్నదే వంటింట్లోకి వస్తుంది. ఊరిబిండి పచ్చడిలో శనక్కాయ, కూరలో చల్లే పొడిలో శనక్కాయ, బెల్లం పాకంతో ఉండల్లో శనక్కాయ. కజ్జికాయలోకి కూడా అలాగే వచ్చింది. జూన్ చివర్లోనో జులైలోనో పదును చూసి విత్తితే మూడున్నర, నాలుగు నెలలకు పంట పీకుతారు. ఆ లెక్కన కొత్త కాయ ఇల్లు చేరేది దీపావళి అటూ ఇటూ. కజ్జికాయల పండగ, కొత్త శనక్కాయ ఒకే నెలలో వస్తాయి. ఈ కలయిక వల్లే శనక్కాయ పూర్ణం ఇక్కడ ఇంత గట్టిగా నిలబడిందని నా నమ్మకం.

ఇదే కలయిక చెడ్డ ఏళ్లలో ఇంటావిడకు పరీక్ష పెడుతుంది. పంట ఎండితే ఇంట్లో మిగిలేవి పాత కాయలు. వాటిలో మంచివి విత్తనానికి దాచినవి. శనక్కాయకు విత్తనం ఖర్చు ఎక్కువ, ఎకరా విత్తాలంటే మూటల లెక్కన కావాలి. ఆ మూట విప్పి పండక్కి కాయలు కొట్టాలా వద్దా? చాలా ఇళ్లలో ముసలమ్మలు మూట విప్పనిచ్చేవారు కాదు. దేవుడి ముందు పెట్టడానికి మటుకు ఐదారు కజ్జికాయలు చేసి, పిల్లలకు తలా ఒకటి చేతిలో పెట్టి పండగైందనిపించేవారు. ఆ పిల్లలు ఇప్పుడు బెంగళూరులో భవనాల పనుల్లో, దుకాణాల్లో, ఆఫీసుల్లో ఉన్నారు. పండక్కి వచ్చి తిరిగి పోయేటప్పుడు వాళ్ల సంచుల్లో డబ్బాలకు డబ్బాలు కజ్జికాయలు పెట్టి పంపే తల్లుల ఆత్రం ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి కరువు ఊళ్లకు పని చూపే ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా శింగనమల నియోజకవర్గంలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. పంట పోయిన ఊళ్లలో ఆడవాళ్ల చేతికి నేరుగా కూలి వచ్చే దారి అలా తెరుచుకుంది.

అంచు మడిచే చేయి

అచ్చు రాకముందు కజ్జికాయ అంచును చేత్తోనే మడిచేవారు. బొటనవేలితో నొక్కి, చూపుడువేలితో లోపలికి తిప్పి, మళ్లీ నొక్కి, జడ అల్లినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు. అందరికీ వచ్చే పని కాదది. వీధిలో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. కూతురికి సారె పెట్టాలన్నా, సీమంతం చేయాలన్నా వాళ్లకు ముందుగా కబురు వెళ్లేది. వియ్యాలవారి ఇంట్లో సారె విప్పగానే ముందు చూసేది అంచునే. మడత సరిగ్గా లేకపోతే పెళ్లికూతురి తల్లి మాట పడాల్సి వచ్చేది.

కొన్ని ఇళ్లలో ఇత్తడి పళ్ల చక్రం ఉండేది. దాని ఇంకో కొసన గరిటె. గరిటెతో పూర్ణం పెట్టి, మడిచి, చక్రంతో అంచు కోసేవారు. అది చూడటానికి బాగుంటుంది గానీ, కోసిన అంచు మూసుకోవాలంటే వేళ్ల పని తప్పదు.

అచ్చు ఈ పనిని అందరి చేతికీ ఇచ్చింది. పదేళ్ల పిల్ల చేయగలదు. పెళ్లయ్యేదాకా వంటింటి ముఖం చూడని మగపిల్లాడు చేయగలడు. వేళ్లు వంకర్లు పోయిన ముసలమ్మ కూడా పిడి నొక్కగలదు. కళ పోయిందని బాధపడేవాళ్లను విన్నాను. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఆ అల్లిక నిజంగా అందమైనదే. కానీ ఆ అల్లిక పేరు చెప్పి కోడళ్లను చిన్నబుచ్చిన రోజులు కూడా ఉన్నాయి. పొద్దంతా చేలో కలుపు తీసి వచ్చిన మనిషికి రాత్రి రెండు గంటల పని గంటలోపు ముగియడం చిన్న విషయం కాదు. అచ్చు వచ్చాకే చాలా ఇళ్లలో కజ్జికాయలు మళ్లీ మొదలయ్యాయి. లేకపోతే ఈ వంట ఎప్పుడో మిఠాయి కొట్టుకు వలస పోయేది.

అచ్చుతో రానివి రెండున్నాయి: పిండి పదును, పూర్ణం రుచి. ఆ రెండూ ఇప్పటికీ చేతిలోనే ఉన్నాయి.

పిండి నానాలి

మైదాలో పిడికెడు చిరోటి రవ్వ, చిటికెడు ఉప్పు వేస్తారు. కాగిన నెయ్యో నూనో పోసి వేళ్లతో పిండి అంతటికీ పట్టిస్తారు. గుప్పిట్లో పట్టుకుంటే ముద్ద నిలబడాలి, వదిలితే రాలాలి. ఆ తర్వాతే నీళ్లు. పూరీ పిండి కన్నా కాస్త గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తారు. తడిపిన వెంటనే వత్తితే పిండి వెనక్కి లాగుతుంది. పిండిలోని గ్లూటెన్ అనే జిగురు వల అప్పుడు బిగిసి ఉంటుంది, నానితే సడలుతుంది. ఇటలీ ఇళ్లలో రవియోలీ పిండిని కూడా ఇందుకే కాసేపు కప్పి ఉంచుతారు.

మైదా వద్దనుకునేవాళ్లు గోధుమపిండితో చేస్తున్నారు, బాగానే వస్తాయి. రాగిపిండితో, జొన్నపిండితో చేయాలనే ఉత్సాహం కూడా ఈమధ్య పెరిగింది. వాటిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఒట్టి రాగిపిండి అచ్చులో మడవగానే విరుగుతుంది. సగానికి సగం గోధుమపిండి కలిపితే నిలబడుతుంది.

వేయించడంలో తొందర పనికిరాదు. నూనె కాగాక మంట తగ్గించాలి. ఎక్కువ కాగితే పైన పొక్కులొస్తాయి, రంగు వస్తుంది, లోపల పచ్చిగా ఉండి రెండో రోజుకే మెత్తబడుతుంది. సన్నటి సెగ మీద బుడగలు తగ్గేదాకా వేగితే పెంకు గలగలమంటుంది. బాగా ఆరాక డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి మళ్లీ పెంకులోకే దిగుతుంది.

> శనక్కాయ కజ్జికాయ కొలతలు
>
> పిండి అర కిలో, శనక్కాయ విత్తనాలు 300 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, యాలకులు ఆరు. ఇష్టమైతే ఒక ఎండుకొబ్బరి చిప్ప తురుము. నడిమి సైజు అచ్చుతో 35 దాకా వస్తాయి.
>
> విత్తనాలు సన్నటి సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే దంచాలి. వేడిమీద దంచినా, మిక్సీని ఆపకుండా తిప్పినా నూనె ఊరి ముద్దవుతుంది. పొడి రవ్వగా ఉండాలి. బెల్లం విడిగా దంచి చివర్లో కలపాలి.
>
> ఒక కాయకు చిన్న చెంచాతో రెండు చెంచాలు చాలు.

చేదు గింజ

విత్తనాలు వేయించేముందు ఏరడం మన ఇళ్లలో పిల్లల పని. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, పుచ్చులు పక్కకు తీస్తారు. రుచి చెడుతుందని పెద్దలు చెప్పేవారు. అంతకంటే పెద్ద కారణమే ఉంది.

కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే, నేల వేడెక్కితే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చేరుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కాలేయానికి అది చాలా చెడు చేస్తుంది. వేయిస్తే పూర్తిగా పోదు, బెల్లంతో కప్పినా పోదు. పీకిన కాయలు సరిగ్గా ఎండకపోయినా ఇదే ప్రమాదం. తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టి నిల్వ చేయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. కరువు నేల శనక్కాయకు ఈ జబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి, ఆ నేల ఇల్లాలికి ఏరే ఓపిక కూడా ఎక్కువ ఉండాలి. పండగ హడావుడిలో ఈ పని మాత్రం వదలొద్దు. అమ్మకానికి చేసేవాళ్లయితే అసలే వదలకూడదు.

మంచి గింజ విలువ తక్కువది కాదు. శనక్కాయ విత్తనంలో పావు వంతు మాంసకృత్తులు, సగానికి దగ్గరగా నూనె. మన రాష్ట్రం బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు శనక్కాయ చిక్కీ పెడుతున్నదీ ఇందుకే. చిక్కీలో ఉన్న శనక్కాయ, బెల్లం జోడీయే కజ్జికాయలోనూ ఉంది.

"మాది శనక్కాయలదే"

ఈ ఊళ్లలో ఒక మాట నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. పరాయి ఊరి చుట్టం వస్తే పళ్లెంలో కజ్జికాయలు పెడుతూ, "కొబ్బరివి కాదు, మాది శనక్కాయలదే" అంటారు, తక్కువదేదో పెట్టినట్టు. అమ్మకానికి చేసే కొందరు కూడా పట్నం ఆర్డర్లకు జీడిపప్పు, కోవా కొని తెచ్చి నింపుతున్నారు. ఖర్చు పెరిగి లాభం తగ్గుతోంది. రుచి ఏ ఊళ్లోనైనా దొరికేదిగా మారుతోంది. కోవా పెట్టింది నాలుగు రోజులకే చెడుతుంది. పొడి శనక్కాయ పూర్ణం రెండు వారాలు నిలుస్తుంది. బెంగళూరు పోవాలన్నా, విమానమెక్కి డల్లాస్ పోవాలన్నా ఆ పొడి పూర్ణమే తట్టుకుంటుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లు తమ కుండను, తమ రేకును దాచుకోలేదు, వాటి పేరుతోనే అమ్ముకున్నారు. శింగనమల, గార్లదిన్నె, నార్పల పొదుపు సంఘాల ఆడవాళ్లు కూడా డబ్బా మీద 'శనక్కాయ కజ్జికాయ' అని పెద్దక్షరాలతో రాసుకోవాలి. పట్నంలో ఉన్న సీమ బిడ్డలు వెతుక్కునేది ఆ పేరునే.

దారులు లేకపోలేదు. ఇంట్లో చేసి అమ్మేవాళ్లు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకోవాలి. చిన్న తయారీదారులకు దాని రుసుం ఏడాదికి 100 రూపాయలే. 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద చిన్న యూనిట్ల ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం దాకా బ్యాంకు రుణంతో ముడిపడిన రాయితీ ఉంది, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు. పొదుపు సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల రూపాయల దాకా మూలధనం ఇచ్చే వీలుంది. పిండి కలిపే యంత్రం, పొట్టు తీసే యంత్రం కొనుక్కోవడానికి ఆ డబ్బు ఉపయోగపడుతుంది. అచ్చులకు పెద్ద ఖర్చు ఉండదు.

చేలల్లో మాత్రం శనక్కాయ తగ్గుతోంది. బోర్లు పడిన చోట చీనీ, అరటి, దానిమ్మ తోటలు లేచాయి. మెట్టలో కంది, ఆముదం పెరిగాయి. నష్టాలు మోసి మోసి విసిగిన రైతును శనక్కాయే వేయమని ఎవరూ అడగలేరు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 లాంటి రకాలు ఇంకా చాలా చేలల్లో ఉన్నాయి. కరువును మరింత ఓర్చుకునే కదిరి లేపాక్షి కూడా ఇప్పుడు రైతుల చేతికొచ్చింది. మిల్లుకు మూటల లెక్కన అమ్మితే రైతుకు దక్కేది మార్కెట్ యార్డు పలికే ధర. అదే విత్తనం ఏరి, వేయించి, బెల్లం కలిపి అచ్చులో పెడితే, మిల్లు దగ్గర పోయే లాభంలో కొంత ఊళ్లోనే, అందులోనూ ఆడవాళ్ల దగ్గరే మిగులుతుంది. జిల్లా పంట మొత్తాన్ని కజ్జికాయల్లో పెట్టలేం గానీ, ఒక సంఘం పదిమందికి పండగ నెలల్లో పని చూపించడానికి నాలుగైదు మూటల మంచి కాయ చాలు.

దీపావళి ఆర్డర్లు అయిపోగానే సంక్రాంతివి మొదలవుతాయి. అప్పటికి కొత్త కాయ బాగా ఎండి ఉంటుంది, పూర్ణానికి అదే మంచి అదను. శనక్కాయలవి కావాలని పేరు పెట్టి అడిగి మరీ తెప్పించుకోండి.